వృత్తి శిక్షణ ట్రస్టుకి 12ఏ, 80జీ: విశాఖలో మొదటి కాగితం నుంచి చివరి ఆర్డర్ దాకా

గాజువాకలో మా షెడ్డు చూసినవాళ్ళెవరూ దాన్ని బడి అనుకోరు. ముందు గదిలో ఆరు కుట్టు మిషన్లు, వెనక రేకుల కింద రెండు వెల్డింగ్ బూత్‌లు, మధ్యలో ఒక నల్లబల్ల. మా ట్రస్టుకి పన్ను మినహాయింపు కావాలని అప్లై చేస్తే, ఇన్‌కం ట్యాక్స్ వాళ్ళు పంపిన నోటీసులో కూడా సరిగ్గా అదే అడిగారు: మీరు నడుపుతున్నది విద్య అని ఎలా చెబుతారు? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు సర్దడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. ఆ ప్రశ్న వస్తుందని ట్రస్టు పెట్టిన రోజే తెలిసుంటే అది ఒక పూట పని.

ఫారాలు నింపడం పెద్ద విద్యేమీ కాదు, అదెవరైనా నింపిపెడతారు. చాలా అప్లికేషన్లు తేలిపోయేది ఫారంలో కాదు, మొదటి బ్యాచ్ హాజరు పట్టీలో. అందుకే ఇక్కడ ఫారాల గురించి కొంచెం, వాటి వెనకాల ఉండాల్సిన కాగితాల గురించి ఎక్కువ చెబుతాను.

ముందు రెండు మాటలకి అర్థం

12ఏ అని అందరూ అనేది ట్రస్టు కోసం, దాని రాబడికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్. అది లేకపోతే మీకు వచ్చిన విరాళం కూడా ఆదాయం కిందే లెక్క, పన్ను పడుతుంది. 80జీ దాత కోసం. మీకు ఇచ్చిన డబ్బులో 50 శాతం మేరకు ఆయన తన ఆదాయంలోంచి తగ్గించి చూపించుకోవచ్చు, దానికీ ఆయన ఆదాయంలో 10 శాతం అనే పరిమితి ఉంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి ఈ లాభం లేదు. ఇది దాతలకి ముందే చెప్పేయండి. ఉక్కునగరంలో ఉండే మా మిత్రుడొకాయన 25,000 ఇచ్చి, తీరా రిటర్న్ వేసేటప్పుడు సంగతి తెలిసి, "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ" అన్నారు. డబ్బు వెనక్కి అడగలేదనుకోండి, అయినా మాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకో సంగతి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు. అందులో ట్రస్టుల సంగతంతా 332 నుంచి 355 వరకు ఉన్న సెక్షన్లలో ఒకేచోట పెట్టారు. ఆడిటర్లు, దాతలు, బ్యాంకు వాళ్ళు మాత్రం ఇప్పటికీ 12ఏ, 80జీ, ఫారం 10ఏ అనే అంటారు. నేనూ ఆ వాడుకనే పట్టుకుని రాస్తున్నాను. పోర్టల్‌లో ఫారం ఎంచుకునేటప్పుడు నంబర్ చూసి కాకుండా, అది దేనికోసమో చెప్పే పేరు చదివి ఎంచుకోండి.

మొదటి అడుగు: మీ పని ఏ గూట్లో పడుతుందో తేల్చుకోండి

దీన్ని దాటేసి నేరుగా దస్తావేజులు రాసే రైటర్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళే ఎక్కువ. అసలు చిక్కంతా ఇక్కడే.

చట్టంలో ధార్మిక ప్రయోజనం అంటే పేదల సహాయం, విద్య, వైద్యం, యోగా, పర్యావరణ పరిరక్షణ, పురాతన కట్టడాల రక్షణ, చివరగా "సాధారణ ప్రజా ప్రయోజనం". ఈ చివరిది వినడానికి బాగుంటుంది కానీ దానికో మెలిక ఉంది. ఆ గూట్లో పడితే, ఫీజు తీసుకుని చేసే పనుల మీద వచ్చే రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. దాటిన సంవత్సరం మినహాయింపు పోయినట్టే. విద్య గూట్లోనూ, పేదల సహాయం గూట్లోనూ ఆ 20 శాతం గొడవ లేదు.

మరి వెల్డింగ్ నేర్పడం విద్యేనా? 1975లో లోక శిక్షణ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు విద్య అంటే క్రమబద్ధమైన బోధన, విద్యార్థుల జ్ఞానాన్ని, నైపుణ్యాన్ని, బుద్ధిని, నడవడిని తీర్చిదిద్దే పని అని చెప్పింది. నాలుగు ఊళ్ళు తిరిగి జ్ఞానం సంపాదించడం కూడా మామూలు మాటల్లో చదువే కావచ్చు కానీ చట్టం దృష్టిలో కాదంది. 2022 అక్టోబరులో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో ఈ గీత ఇంకా బిగిసింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచే పైకి వెళ్ళింది. మరోపక్క 2011లో ఢిల్లీ హైకోర్టు ఢిల్లీ మ్యూజిక్ సొసైటీ విషయంలో సంగీతం నేర్పే సంస్థను కూడా విద్యాసంస్థగా ఒప్పుకుంది. అక్కడ పద్ధతిగా తరగతులు, హాజరు, పరీక్షలు ఉండటమే కారణం.

ఈ మూడూ కలిపి చూస్తే మనకి తేలేది ఒకటే. నేర్పేది సంగీతమా, కుట్టుపనా, ఏసీ రిపేరా అన్నది పెద్ద విషయం కాదు. సిలబస్, కాలవ్యవధి, బోధకుడు, హాజరు, పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నాయా అన్నదే చూస్తారు. రెండు రోజుల అవగాహన శిబిరాలు మాత్రమే నడిపితే మీది విద్య అని నిలబెట్టుకోవడం కష్టం.

నా సలహా: డీడ్‌లో, అంటే ట్రస్టు పెట్టే దస్తావేజులో, రెండు కాళ్ళ మీద నిలబడండి. ఒకటి, వృత్తి విద్య. రెండు, పేద కుటుంబాల యువతకు, మహిళలకు ఉచితంగా గానీ నామమాత్రపు ఫీజుకు గానీ శిక్షణ, అంటే పేదల సహాయం. రెండో కాలు నిలవాలంటే పేదరికానికి రుజువు ఉండాలి, అడ్మిషన్ ఫారానికి రైస్ కార్డు జిరాక్స్ జత చేస్తే చాలు. మొదటి కాలు జారినా రెండోది పట్టుకుంటుంది.

మన ఊళ్ళో ఇంకో పొరపాటు తరచుగా కనిపిస్తుంది. జాలారిపేటలోనో పెదజాలారిపేటలోనో ట్రస్టు పెట్టేవాళ్ళు లబ్ధిదారుల దగ్గర ఒక కులం పేరు రాసేస్తారు. ఒక మతానికి గానీ కులానికి గానీ మాత్రమే అని రాస్తే మినహాయింపుకి అడ్డు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసమైతే ఆ అడ్డు వర్తించదని చట్టమే చెబుతోంది. అయినా ఎందుకొచ్చిన వాదన, "తీర ప్రాంత గ్రామాల పేద యువత, కులమత భేదం లేకుండా" అని రాసుకుంటే ప్రశ్నే రాదు.

రెండో అడుగు: డీడ్

ఆంధ్రప్రదేశ్‌లో ట్రస్టు డీడ్‌ని రిజిస్ట్రేషన్ చట్టం, 1908 కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తారు. మీ ట్రస్టు చిరునామాని బట్టి మధురవాడ, గాజువాక, గోపాలపట్నం ఇలా ఏదో ఒకటి. సొసైటీగా పెట్టుకునేవాళ్ళకి 2001 నాటి ఏపీ సొసైటీల చట్టం ఉంది, కంపెనీ పద్ధతి నచ్చినవాళ్ళకి కంపెనీల చట్టంలో లాభాపేక్ష లేని కంపెనీల కోసం సెక్షన్ 8 ఉంది. నలుగురైదుగురు మిత్రులు కలిసి చిన్నగా మొదలుపెట్టేటట్టయితే నా ఓటు ట్రస్టుకే. ప్రతి ఏటా ఎన్నికలు, జాబితాలు అంటూ తిరిగే పని ఉండదు.

రైటర్ దగ్గర ఒక నమూనా ఉంటుంది. దాన్ని అలాగే వాడకండి. మా డీడ్ మొదటి చిత్తులో ముప్పై నాలుగు ఉద్దేశాలు ఉన్నాయి: గోశాల, కళ్యాణ మండపం, క్రీడలు, అనాథాశ్రమం, చివర్లో ఎక్కడో "టైలరింగ్ మొదలగునవి". అన్నీ ఉంటే మంచిదే కదా అన్నారు రైటర్ గారు. మంచిది కాదు. అప్లికేషన్ చూసే ఆఫీసర్ ఉద్దేశాలకీ పనికీ పొంతన ఉందా అని చూస్తారు. మేం ముప్పై నాలుగుని ఐదుకి తెచ్చాం.

డీడ్‌లో తప్పకుండా ఉండాల్సిన క్లాజులు ఇవి. ట్రస్టు వెనక్కి తీసుకోవడానికి వీల్లేనిది. దాని రాబడి, ఆస్తి ఉద్దేశాల కోసమే వాడాలి, ట్రస్టీలకి లాభం పంచకూడదు. కార్యకలాపాలు భారతదేశంలోనే. లెక్కలు రాయాలి, అవసరమైనప్పుడు ఆడిట్ చేయించాలి. మూసేస్తే మిగిలిన ఆస్తి ఇలాంటి ఉద్దేశాలున్న, పన్ను మినహాయింపు ఉన్న మరో సంస్థకే వెళ్ళాలి, ట్రస్టు పెట్టిన సెటిలర్‌కో ట్రస్టీలకో తిరిగి రాకూడదు. ఈ చివరి క్లాజు రైటర్ల నమూనాల్లో చాలాసార్లు ఉండదు. అది లేదని నోటీసు వస్తే మళ్ళీ సవరణ డీడ్, మళ్ళీ ఛలానా.

డీడ్ తెలుగులో రాయించుకున్నా ఇబ్బంది లేదు, ఇంగ్లిష్ అనువాదం మాత్రం దగ్గర పెట్టుకోండి. అప్లికేషన్లు వెళ్ళేది ఈ మినహాయింపుల సంగతి చూసే, హైదరాబాద్‌లోని ఇన్‌కం ట్యాక్స్ ఎగ్జెంప్షన్స్ కమిషనర్ పరిధికి. అక్కడ ఎవరు చదివినా ఇబ్బంది పడకూడదు.

ఒక హెచ్చరిక. రిజిస్ట్రేషన్ వచ్చాక ఉద్దేశాలు మారిస్తే 30 రోజుల్లోగా మళ్ళీ అప్లై చేయాలి. కాబట్టి ఉద్దేశాల దగ్గర మొదట్లోనే ఆలోచించండి.

మూడో అడుగు: పాన్, బ్యాంకు, దర్పణ్

ట్రస్టు పేరుతో పాన్, ఆ పాన్‌తో బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థల్ని నమోదు చేసే నీతి ఆయోగ్ వారి ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో నంబర్. పాన్ అప్లికేషన్‌లో హోదా "ట్రస్టు" అని పడేలా చూసుకోండి. ఈ అడుగు గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు. ఒక్కటి తప్ప: ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో ట్రస్టు ఖాతా తెరిచేటప్పుడు మీ సొంత ఈమెయిల్, మీ సొంత ఫోన్ నంబర్ పెట్టండి. మాకు వచ్చిన మొదటి నోటీసు అప్పటికే మానేసిన ఒక అకౌంటెంట్ మెయిల్‌కి వెళ్ళింది. గడువుకి నాలుగు రోజుల ముందు అనుకోకుండా పోర్టల్ తెరిచి చూస్తే కనిపించింది. ఆ నాలుగు రోజుల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

నాలుగో అడుగు: 10ఏ నా, నేరుగా 10ఏబీ నా?

ఇంకా తరగతులు మొదలుపెట్టకపోతే ఫారం 10ఏ. ఇది తాత్కాలిక రిజిస్ట్రేషన్, మూడేళ్ళకి ఇస్తారు. ఫీజు లేదు. డీడ్ కాపీ, పాన్, ట్రస్టీల వివరాలు, చేయబోయే పనుల మీద చిన్న నోటు అప్‌లోడ్ చేసి, డిజిటల్ సంతకంతో గానీ ఓటీపీతో గానీ పంపడమే. మామూలుగా ఎక్కువ ప్రశ్నలు లేకుండా ఒక నంబర్‌తో ఆర్డర్ వచ్చేస్తుంది. 12ఏకి ఒకటి, 80జీకి ఒకటి, రెండూ విడివిడిగా పెట్టాలి.

ఈ ఆర్డర్ రాగానే స్వీట్లు పంచేవాళ్ళున్నారు. మేమూ పంచాం. కానీ ఇది హాల్ టికెట్ మాత్రమే, పరీక్ష ఇంకా ముందుంది.

ఆ పరీక్ష పేరు 10ఏబీ, అంటే రెగ్యులర్ రిజిస్ట్రేషన్ కోసం వేసే ఫారం. తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు దీన్ని ఎప్పుడు వేయాలంటే: తాత్కాలిక గడువు ముగియడానికి ఆరు నెలల ముందు, లేదా పని మొదలుపెట్టిన ఆరు నెలల్లోపు. రెండింటిలో ఏది ముందైతే అది. ఈ చివరి మాట దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. చేతిలో మూడేళ్ళ ఆర్డర్ కనిపిస్తుంటే ఇంకా టైముందిలే అనుకుంటారు. జూన్ 16న మొదటి క్లాసు పెట్టారనుకోండి, డిసెంబరు 15 మీ గడువు. మూడేళ్ళూ మూడు పున్నములూ దానికి సంబంధం లేదు.

గడువు దాటితే సరైన కారణం చూపించి ఆలస్యాన్ని మన్నించమని కమిషనర్‌ని అడిగే వీలు 12ఏ విషయంలో 2024 అక్టోబరు 1 నుంచి వచ్చింది. అది ఉందన్న ధీమాతో కూర్చోకండి. గడువులోగా అప్లై చేయక రిజిస్ట్రేషన్ పోతే ట్రస్టు నికర ఆస్తి మీదే గరిష్ఠ రేటుతో పన్ను వేసే సెక్షన్ ఒకటుంది. మిషన్లు, షెడ్డు, బ్యాంకు నిల్వ అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

అప్పటికే శిక్షణ నడుస్తూ, ఇంతవరకు మినహాయింపు ఎప్పుడూ తీసుకోని ట్రస్టు అయితే తాత్కాలికం జోలికి వెళ్ళకుండా నేరుగా 10ఏబీ వేయొచ్చు. 2023 అక్టోబరు నుంచి ఈ దారి తెరిచారు.

ఐదో అడుగు: ఆ ఆరు నెలల్లో పోగు చేయాల్సిన కాగితాలు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మా మొదటి హాజరు పట్టీ చూస్తే నాకే సిగ్గేసింది. ఎడమవైపు పేర్లు, వరసగా ముప్పై రోజులకి ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో "పి, పి, పి". ఆదివారం కూడా "పి" ఉంది. వినాయక చవితి నాడు కూడా. ఎవరో నెలాఖరున ఒకేసారి కూర్చుని నింపేసినట్టు కనిపిస్తుంది, నిజానికి అదే జరిగింది. మా ఆడిటర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మాస్టారూ, ఇది ఇవ్వడం కంటే ఇవ్వకపోవడం మేలు" అన్నారు.

రెండో బ్యాచ్ నుంచి ప్రతి పిల్లా పిల్లవాడూ వచ్చిన రోజు వాళ్ళే సంతకం పెట్టడం మొదలుపెట్టాం. వెల్డింగ్ వాళ్ళ పట్టీలో మసి వేలిముద్రలు పడ్డాయి. కంచరపాలెం నుంచి వచ్చే ఒకమ్మాయి రెండు వారాలు రాలేదు, ఆ గళ్ళు ఖాళీగానే ఉన్నాయి, పక్కన "టైఫాయిడ్" అని బోధకుడు రాశాడు. నోటీసుకి జవాబుగా మేం ఇచ్చిన వాటిలో అన్నిటికంటే గట్టిగా నిలబడింది ఆ పట్టీయే అని నా నమ్మకం. ఖాళీ గళ్ళున్న పట్టీనే చదివేవాడు నమ్ముతాడు.

దాంతోపాటు ఏమేం ఉండాలి? ప్రతి కోర్సుకి రెండు మూడు పేజీల సిలబస్, ఎన్ని గంటలు థియరీ, ఎన్ని గంటలు ప్రాక్టికల్ అని. జాతీయ నైపుణ్య అర్హతల చట్రానికి తగ్గట్టు ఉన్న కోర్సుని ఎంచుకుంటే విద్య అనే వాదనకి బలం. బోధకుడి అర్హత కాగితం, ఐటీఐ సర్టిఫికెట్ అయినా, షిప్‌యార్డులోనో ఉక్కు ఫ్యాక్టరీలోనో పనిచేసిన అనుభవ పత్రం అయినా. అడ్మిషన్ ఫారాలు. చివరి పరీక్ష ప్రశ్నపత్రం, మార్కుల జాబితా. ఇచ్చిన సర్టిఫికెట్ల కాపీలు. తేదీ కనిపించే ఫోటోలు, ప్రారంభోత్సవం రోజున శాలువా కప్పినవి కాదు, మామూలు మంగళవారం నాడు పిల్లలు పని చేస్తున్నవి.

ఖర్చులకి బిల్లులు ట్రస్టు పేరు మీదే ఉండాలి. ఎలక్ట్రోడ్లు, గుడ్డ, దారం కొన్నప్పుడు పాత పోస్టాఫీసు ప్రాంతంలోనో కురుపాం మార్కెట్లోనో తెల్లకాగితం మీద రాసిచ్చేస్తారు. పట్టుబట్టి బిల్లు అడగండి. ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కకి రాదు. టీడీఎస్, అంటే ఇచ్చే డబ్బులోంచే ముందుగా పట్టుకునే పన్ను, కోయాల్సిన చోట కోయకపోతే అందులో 30 శాతం ఖర్చుగా ఒప్పుకోరు. ఈ పుస్తకాలన్నీ పదేళ్ళు దాచాలని రూల్. విశాఖ గాలిలో ఇనుప బీరువాకే తుప్పు పడుతుంది, ఇక కాగితాలెంత. మేం ప్రతి నెలా స్కాన్ తీసి పెట్టుకుంటున్నాం.

ఇంకా ఇంటి మనుషుల సంగతి. మా ట్రస్టీలలో ఒకరి కోడలు కుట్టు టీచరు. తప్పు కాదు, జీతం కూడా ఇవ్వొచ్చు, కానీ బయట టీచరుకి ఇచ్చేదాని కంటే ఎక్కువ ఇవ్వకూడదు. ట్రస్టీ సొంత షెడ్డుకి అద్దె కూడా అంతే, పక్క షెడ్ల అద్దె ఎంతో రాసిపెట్టుకోండి. అయినవాళ్ళకి అమితంగా లాభం చేశారని తేలితే మినహాయింపుకే ఎసరు. పెద్ద దాత కూడా ఈ అయినవాళ్ళ జాబితాలో మనిషే. ఏడాదిలో లక్ష దాటి గానీ మొత్తంమీద 10 లక్షలు దాటి గానీ ఇచ్చినవాళ్ళని అలా లెక్కిస్తారు.

ఆరో అడుగు: 10ఏబీ, ఆ తర్వాత నోటీసు

ఫారంలో వివరాలు నింపడం, లెక్కలు, పనుల నివేదిక జత చేయడం అరపూట పని. అసలు పని తర్వాత మొదలవుతుంది. పోర్టల్‌లో ఈ-ప్రొసీడింగ్స్ అనే చోట నోటీసు వస్తుంది. వారానికి రెండుసార్లు తెరిచి చూస్తూ ఉండండి.

శిక్షణ ట్రస్టులకి వచ్చే ప్రశ్నలు దాదాపు ఇవే. ఇది విద్య ఎలా అవుతుంది? ఫీజు ఎంత, ఎవరి దగ్గర? లబ్ధిదారుల జాబితా ఇవ్వండి. ట్రస్టీలకి ఏమైనా చెల్లించారా? దాతల వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇవ్వండి. వర్తించే ఇతర చట్టాలు పాటిస్తున్నారా? ఈ చివరి ప్రశ్న కింద మన రాష్ట్రంలో 1987 నాటి దేవాదాయ, ధర్మాదాయ చట్టం ప్రస్తావన రావచ్చు. ఆ చట్టం పేరులోనే ధార్మిక సంస్థలు కూడా ఉన్నాయి, సెక్షన్ 43 కింద రిజిస్ట్రేషన్ సంగతి ఉంది. దేవాదాయ శాఖ అంటే గుళ్ళకే కదా అని జవాబు రాసేయకండి. మీకు ఎంతవరకు వర్తిస్తుందో తెలిసిన లాయర్‌తో ముందే మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి.

జవాబు రాసే తీరు మీద ఒక మాట. ప్రశ్నకి ఎదురుగా జవాబు, జవాబుకి ఎదురుగా పేజీ నంబర్. మేం మొదట రాసిన జవాబు నిండా "సమాజ సేవే పరమావధిగా", "నిరుపేదల కళ్ళలో వెలుగు నింపుతూ" లాంటి వాక్యాలున్నాయి. అవన్నీ కొట్టేసి ఇలా రాశాం: కుట్టు కోర్సు, మూడు నెలలు, 240 గంటలు, సిలబస్ 12వ పేజీ, హాజరు 15 నుంచి 31వ పేజీ, మార్కులు 33వ పేజీ. ఆఫీసర్‌కి వెతుక్కునే పని లేకుండా చేయడమే మన వంతు.

రెగ్యులర్ ఆర్డర్‌కి వాళ్ళకి గడువు, అప్లై చేసిన త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఆరు నెలలు. ఈలోగా ఫోన్లు చేసి లాభం లేదు.

తిరస్కరిస్తే తాత్కాలిక రిజిస్ట్రేషన్ కూడా దాంతోపాటే రద్దు చేస్తారు. అప్పుడు దారి ఇన్‌కం ట్యాక్స్ అప్పిలేట్ ట్రిబ్యునల్. దానికి విశాఖపట్నంలోనే బెంచ్ ఉండటం మన అదృష్టం. ఆర్డర్ అందిన నెల ముగిసిన దగ్గర నుంచి రెండు నెలల్లో అప్పీలు వేయాలి. నోటీసు చూడక జవాబు ఇవ్వలేకపోయిన కేసుల్లో మళ్ళీ వినమని ట్రిబ్యునల్ వెనక్కి పంపడం మామూలే. కానీ ఆ లోపల ఏడాది గడిచిపోతుంది, దాతలు జారిపోతారు.

ఏడో అడుగు: 80జీ వచ్చాక రశీదుల పని

దాత పేరు, చిరునామా, పాన్ లేకుండా రశీదు రాయకండి. నగదుగా 2,000 దాటి ఇస్తే దాతకి మినహాయింపు రాదు, కాబట్టి యూపీఐ గానీ చెక్కు గానీ అడగండి. ఏడాదిలో వచ్చిన విరాళాలన్నీ మే 31 లోపు 10బీడీ స్టేట్‌మెంట్‌లో పెట్టాలి. అది పెట్టాకే ఒక్కొక్క దాతకి 10బీఈ సర్టిఫికెట్ డౌన్‌లోడ్ అవుతుంది. మీ రశీదు కాగితం ఒక్కటే చూపించి దాత మినహాయింపు తీసుకోలేడు. ఆలస్యానికి రోజుకి 200 రుసుము, అది కాక 10,000 నుంచి లక్ష దాకా పెనాల్టీ కూడా ఉండొచ్చు.

హుండీ పెట్టి పేరులేని విరాళాలు తీసుకునే అలవాటుంటే మానుకోండి. మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష, ఏది ఎక్కువైతే అది దాటిన అనామక విరాళం మీద 30 శాతం పన్ను.

ఏటా తప్పని లెక్క

సంవత్సరానికి వచ్చిన రాబడిలో 85 శాతం ఉద్దేశాల మీద ఖర్చు పెట్టాలి. ఉదాహరణకి మీకు 12,00,000 వచ్చింది. 10,20,000 ఖర్చు కావాలి. మీరు పెట్టింది 9,40,000. తేడా 80,000. దాన్ని వచ్చే ఏడాది కొత్త మిషన్లు కొనడానికి దాచుకుంటామంటే ఫారం 10 వేసి, దేనికోసమో తీర్మానంలో స్పష్టంగా రాసి, ఐదేళ్ళలోపు వాడాలి. మార్చి నెలాఖరున రావాల్సిన డబ్బు ఏప్రిల్‌లో చేతికందడం వల్ల వచ్చిన తేడా అయితే ఫారం 9ఏ. ఇవి ఆగస్టు 31 లోపు వేసేయండి, ఆడిట్ రిపోర్టు సెప్టెంబరు 30కి, రిటర్న్ అక్టోబరు 31కి. ఐదు కోట్ల లోపు రాబడి ఉండి, విదేశీ డబ్బు లేని చిన్న ట్రస్టులకి ఆడిట్ ఫారం 10బీబీ, మిగతావాళ్ళకి 10బీ.

పిల్లలు కుట్టిన యూనిఫాంలు అమ్మితే? అమ్మొచ్చు. శిక్షణకి అనుబంధంగా ఉండాలి, దానికి వేరే పుస్తకాలు రాయాలి. మా దగ్గర ఒక ప్రైవేటు స్కూలు నాలుగొందల జతలకి ఆర్డరిస్తామంది. ఆశ పుట్టింది, ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే మూడు నెలలు తరగతులు ఆగి షెడ్డు టైలర్ షాపు అయిపోయేది, నోటీసులో అడిగిన ప్రశ్నకి మేమే తప్పు జవాబు రాసిచ్చినట్టయ్యేది.

జీఎస్టీ మీద ఒక అపోహ

12ఏ ఉంటే జీఎస్టీ లేదని చాలామంది గట్టిగా నమ్ముతారు. నైపుణ్య శిక్షణకి ఆ మినహాయింపు అనాథ, నిరాశ్రయ పిల్లలకి, శారీరకంగానో మానసికంగానో హింసకు గురైనవారికి, ఖైదీలకి, గ్రామాల్లో ఉండే 65 ఏళ్ళు దాటినవారికి నేర్పినప్పుడే. మామూలు నిరుద్యోగ యువత దగ్గర ఫీజు తీసుకుని నేర్పితే అది వర్తించదు. ప్రభుత్వ గుర్తింపున్న ఐటీఐ ట్రేడులకి వేరే మినహాయింపు ఉంది. ఫీజులు ఏడాదికి 20 లక్షల లోపైతే ఈ గొడవే లేదు, అది దాటే రోజుకి ముందే ఆడిటర్‌ని అడగండి.

కంపెనీల డబ్బు కావాలంటే

విశాఖలో శిక్షణ ట్రస్టు పెట్టేవాళ్ళందరి చూపూ పోర్టు, రిఫైనరీ, పరవాడ, అచ్యుతాపురం వైపే ఉంటుంది. తప్పు లేదు. కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద డబ్బు పెట్టదగ్గ పనుల జాబితా కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో ఉంది, అందులో ఉపాధి పెంచే వృత్తి నైపుణ్యాలని విద్యతో కలిపి ఒకే అంశంలో పెట్టారు. కానీ ఆ డబ్బు అందుకోవాలంటే 12ఏ, 80జీ రెండూ ఉండాలి, ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం చూపాలి, సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబర్ తెచ్చుకోవాలి. అంటే మొదటి మూడేళ్ళూ మీ జేబులూ, మిత్రుల జేబులే. ఈ సంగతి ట్రస్టీలందరికీ మొదటి మీటింగులోనే చెప్పండి, లేకపోతే రెండో ఏటికి సగంమంది కనిపించరు. విదేశాల్లో ఉన్న బంధువులు విదేశీ పౌరులైతే వాళ్ళ దగ్గర ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి పంపితే ఆ చట్టం అడ్డు రాదు, పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టండి.

రెండు తేదీలు

రెగ్యులర్ ఆర్డర్ మామూలుగా ఐదేళ్ళకి. అంతకు ముందు రెండేళ్ళలోనూ రాబడి ఐదు కోట్లు దాటని ట్రస్టులకి, తాత్కాలికం నుంచి మారేటప్పుడు గానీ రెన్యువల్‌లో గానీ 12ఏ విషయంలో పదేళ్ళు ఇచ్చేలా 2025లో మార్చారు. 80జీకి మాత్రం ఆ పొడిగింపు లేదు, ఐదేళ్ళే. రెండు ఆర్డర్లూ ఒకే ఫైల్లో పెట్టి పదేళ్ళ దాకా మర్చిపోతే మధ్యలో 80జీ చెల్లిపోతుంది. రెన్యువల్ అప్లికేషన్ గడువుకి ఆరు నెలల ముందే పడాలి. మీ 80జీ ఆర్డర్ మీద 2031 మార్చి 31 అని ఉంటే, మీరు రాసుకోవాల్సిన తేదీ 2030 సెప్టెంబరు 30. మాది నల్లబల్ల పై మూలన ఎర్ర పెయింటుతో రాయించాం, ప్రతి కొత్త బ్యాచ్ పిల్లలూ అదేంటి మాస్టారూ అని అడుగుతారు.